తల్లిని తెచ్చుకుని పిల్లల్ని వదిలితే

పోయిన శ్రావణంలో ఒక గృహప్రవేశానికి వెళ్ళాం. నార్త్ కరోలినాలో రాలీ పక్కన, అడవి కొట్టి కొత్తగా కట్టిన కాలనీ. వ్రతం ముగిసింది, భోజనాలయ్యాయి, నలుగురం వెనక వసారాలో కూర్చున్నాం. ఒకాయన ఫోన్ తీసి ఫొటో చూపించారు. థర్మాకోల్ పెట్టె, అందులో తడిపిన నాచు, నాచు మీద నాలుగు తాబేలు పిల్లలు. నాలుగూ కలిపి ఒక అరచేతిలో ఇమిడిపోతాయి. "తల్లి రెండేళ్ళ కిందట వానలో రోడ్డు దాటుతుంటే మా అబ్బాయి తెచ్చాడండీ. పెరట్లో పెట్టుకున్నాం. మొన్న జూన్‌లో గుడ్లు పెట్టింది. వీడియోలు చూసి పొదిగించాం. ఇంకో నెల పెంచి చెరువు దగ్గర వదిలేస్తాం" అన్నారు. ఫోన్ చేతులు మారింది. "ఎంత పుణ్యం చేసుకున్నారు అన్నయ్యగారూ" అంది ఒకావిడ. అందరూ అవునన్నారు.

నేను అనలేదు, కాదని కూడా అనలేదు. శుభకార్యానికి వచ్చి వాదన పెట్టుకోవడం పద్ధతి కాదనుకున్నాను. ఆ రోజు మింగేసిన మాటే ఇప్పుడు రాస్తున్నాను.

ఇది ఆ ఒక్క ఇంటి సంగతి కాదు. ఇక్కడి మన కుటుంబాల్లోనూ, అమెరికన్ల ఇళ్ళలోనూ ఒక నమ్మకం స్థిరపడిపోయింది. రోడ్డు మీద కారు కింద పడి చచ్చే బాక్స్ టర్టిల్‌ని ఇంటికి తెచ్చుకుంటే దాన్ని కాపాడినట్టు. దాని గుడ్లు పొదిగించి పిల్లల్ని వదిలితే జాతిని పెంచినట్టు. పిల్లలకు జీవకారుణ్యం నేర్పినట్టు. ఈ మూడూ తప్పే. తెచ్చినవాళ్ళ మనసు మంచిదే, అందులో నాకు సందేహం లేదు. కానీ అడవి లెక్క మనసు చూసి మారదు. ఇంటికి చేరిన ఆడ తాబేలు అడవికి సంబంధించినంతవరకు చచ్చిపోయినట్టే. దాన్ని చక్రం తొక్కిందా, మన అబ్బాయి చేతుల్లో ఎత్తుకొచ్చాడా అన్నది అడవికి ఒకటే.

ఈ మాట అనే హక్కు నాకెక్కడిదంటారా? ఆ ఫొటోలో ఉన్నటువంటి పెట్టే పదకొండేళ్ళ కిందట మా గరాజ్‌లోనూ ఉండేది. దాని కథ చివర చెబుతాను. ముందు తాబేలు సంగతి.

బాక్స్ టర్టిల్ చెరువు తాబేలు కాదు, నేల మీద బతికే జీవం. అమెరికా తూర్పు రాష్ట్రాల అడవుల్లో, రాలిన ఆకుల మధ్య, కుళ్ళిన దుంగల పక్కన తిరుగుతుంది. దాని పొట్ట పలకకు మధ్యలో తలుపు మడతబందు లాంటిది ఉంటుంది. భయమేస్తే తల, కాళ్ళు, తోక లోపలికి లాక్కుని, ఆ పలక ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ పైకి మూసేసుకుంటుంది. మూత పెట్టిన పెట్టె అయిపోతుంది; పేరు అందుకే వచ్చింది. లినేయస్ 1758లోనే దీన్ని వర్ణించాడు. మా నార్త్ కరోలినా రాష్ట్రం 1979లో దీన్ని రాష్ట్ర సరీసృపంగా ప్రకటించుకుంది. మగదానికి కళ్ళు ఎర్రగా మెరుస్తాయి, ఆడదానికి ఎక్కువగా గోధుమరంగులో ఉంటాయి. వానపాములు, నత్తలు, పుట్టగొడుగులు, రాలిన పళ్ళు తింటుంది. మేయాపిల్ అనే అడవి మొక్క పళ్ళు తిని, ఆ గింజల్ని తన నడకంత దూరం మోసి విసర్జిస్తుంది. దాని కడుపులోంచి వచ్చిన గింజలు బాగా మొలకెత్తుతాయి. తాబేలు పోతే అడవికి ఒక విత్తనాలు చల్లే చెయ్యి పోయినట్టు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, దానికొక ఊరు ఉంటుంది. లూసిల్ స్టికెల్ అనే శాస్త్రవేత్త మేరీలాండ్‌లోని పటక్సెంట్ పరిశోధన కేంద్రం అడవిలో 1940ల నుంచి ఈ తాబేళ్ళ డిప్పల మీద గుర్తులు పెట్టి గమనించింది. ఒక్కొక్క తాబేలు తిరిగే నేల అడ్డంగా కొలిస్తే సగటున సుమారు 350 అడుగులు. మన ఊళ్ళో ఒక వీధి పొడవు కూడా ఉండదు. ఆ నేలలో నీళ్ళెక్కడుంటాయో, ఏ మూలన పుట్టగొడుగులు లేస్తాయో, గుడ్లు పెట్టడానికి ఎండ పడే చోటేదో, చలికాలం నాలుగైదు నెలలు మట్టిలో దూరి పడుకోవడానికి మెత్తటి నేలెక్కడో దానికి తెలుసు. అదే నేలలో ఏళ్ళ తరబడి, దశాబ్దాల తరబడి బతుకుతుంది. రోడ్డు మీద మనకు కనపడినప్పుడు అది దారి తప్పలేదు. దాని ఊరి మధ్యలోంచి మనం రోడ్డు వేశాం. అది తన ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళుతోంది.

ఇప్పుడు మొదటి వాదన చూద్దాం. "గుడ్లు పొదిగించి నాలుగు పిల్లల్ని ఇచ్చాం కదా, ఒకటి తీసుకుంటే నాలుగిచ్చినట్టే కదా" అంటారు. వినడానికి బాగుంది. లెక్క వేస్తే నిలవదు.

ఈ తాబేలు పెద్దదై గుడ్లు పెట్టే వయసుకు రావడానికి సుమారు పదేళ్ళు పడుతుంది. ఒక విడతకు మూడు నుంచి ఆరు గుడ్లు పెడుతుంది. ఏడాదికి నాలుగు చొప్పున నలభై ఏళ్ళు పెట్టిందనుకుందాం: 160 గుడ్లు. జాతి పెరగకుండా తరగకుండా ఉండాలంటే ఆ 160లోంచి చివరికి రెండు పెద్దవి కావాలి, తల్లికి బదులు ఒకటి, తండ్రికి బదులు ఒకటి. అంటే ఎనభై గుడ్లకు ఒక పెద్ద తాబేలు. మిగతావన్నీ రకూన్లు తవ్వుకు తింటాయి, నక్కలు తింటాయి, కాకులు ఎత్తుకుపోతాయి, ఎండకు ఎండిపోతాయి. ప్రకృతి ఆ నష్టాన్ని ముందే లెక్కలో వేసుకుంది. నష్టం భరించడానికే అన్నేళ్ళ ఆయుష్షు ఇచ్చింది. ఒక ఏడాది గుడ్లన్నీ పోయినా పరవాలేదు, వచ్చే ఏడాది ఉంటుంది, ఆ పై ఏడాది ఉంటుంది. తల్లి ఉన్నంతకాలం పరవాలేదు.

ఈ లెక్కలో మన నాలుగు గుడ్ల విలువ ఎంత? ఒక పెద్ద తాబేటిలో ఇరవయ్యో వంతు. పెట్టెలో పెట్టి పొదిగించడం వల్ల వాటి అవకాశం ఐదింతలు పెరిగిందనే అనుకుందాం. అప్పటికీ నాలుగు పిల్లలూ కలిసి పావు తాబేలు. ఆ పావు కోసం మనం తీసుకున్నది ముందు ముప్పై ఏళ్ళు గుడ్లు పెట్టగలిగే నిండు తాబేలు. రూపాయి తీసుకుని పావలా ఇచ్చి దానం చేశామనుకుంటున్నాం.

ఇది నా ఒక్కడి లెక్క కాదు. 1987లో డెబొరా క్రౌస్, తన సహశాస్త్రవేత్తలతో కలిసి అమెరికా ఆగ్నేయ తీరంలోని లాగర్‌హెడ్ సముద్ర తాబేళ్ళ మీద ఒక పత్రం ప్రచురించింది. అప్పటిదాకా అందరి దృష్టీ తీరంలో గుడ్ల మీదే. గూళ్ళకు కంచెలు, గుడ్లకు కాపలా. వాళ్ళ లెక్కలో తేలింది వేరు: పెట్టిన ప్రతి గుడ్డూ పిల్లై బతికినా ఆ జాతి తరగడం ఆగదు, ఎందుకంటే పెరుగుతున్నవీ పెద్దవీ రొయ్యల వలల్లో చచ్చిపోతున్నాయి. వలలో తాబేలు తప్పించుకునే దారి పెడితేనే జాతి నిలుస్తుంది. తర్వాత 1993లో మిషిగన్‌లోని ఒక రక్షిత అడవిలో బ్లాండింగ్స్ టర్టిల్ అనే మంచినీటి తాబేళ్ళను దశాబ్దాల పాటు లెక్కపెట్టినవాళ్ళూ ఆ మాటే చెప్పారు. ఆలస్యంగా ఈడుకొచ్చి చాలాకాలం బతికే జీవాలకు పెద్దవాటి ప్రాణమే మూలధనం. గుడ్డు దాని మీద వచ్చే వడ్డీ. అసలు తినేస్తూ వడ్డీ లెక్కపెట్టుకుంటే ఏ ఇల్లూ నిలవదు.

ఈ సత్యం మన తీరంలో ఉన్నవాళ్ళకు కొత్త కాదు. విశాఖ బీచ్‌లో రాత్రిళ్ళు ఆలివ్ రిడ్లీ గుడ్లు ఏరి, కంచె లోపల ఇసుకలో పాతి, పిల్లల్ని సముద్రంలోకి వదలడం చూశాం. అది మంచి పని. కుక్కలూ మనుషులూ తిరిగే తీరంలో ఆ గుడ్లకు వేరే దిక్కు లేదు, పైగా వాళ్ళు తల్లిని ముట్టుకోరు. ఆమె గుడ్లు పెట్టి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. అయినా ఏటా చలికాలంలో ట్రాల్ వలల్లో ఊపిరాడక చచ్చిన పెద్ద తాబేళ్ళు అదే తీరానికి కొట్టుకొస్తున్నాయి. ఇసుకలో గుడ్లను ఎంత జాగ్రత్తగా దాచినా సముద్రంలో తల్లులు పోతుంటే ఆ పని చిల్లికుండలో నీళ్ళు పోయడమే అవుతుంది. మరి గుడ్లు దాచినవాళ్ళే తల్లిని కూడా ఇంటికి పట్టుకుపోతే?

రెండో వాదన ఇంకా తీయనిది. "మా ఇంట్లో సుఖంగా ఉంది కాబట్టే గుడ్లు పెట్టింది." నేనూ ఇలాగే అనుకున్నాను, అందుకే దీని మీద కాస్త గట్టిగా మాట్లాడతాను. ఆడ బాక్స్ టర్టిల్ ఒకసారి మగదాన్ని కలిస్తే ఆ వీర్యాన్ని ఒంట్లో దాచుకోగలదు. మగదాని నీడ కూడా పడకుండా నాలుగేళ్ళ దాకా మొలకెత్తే గుడ్లు పెట్టగలదు. ఒంటరిగా పెరట్లో ఉన్న తాబేలు రెండేళ్ళ తర్వాత గుడ్లు పెట్టిందంటే అది మన ఆతిథ్యానికి మెచ్చి ఇచ్చిన కానుక కాదు. అవి అడవి గుడ్లు. వాటి తండ్రి ఆ 350 అడుగుల నేలలోనే ఉన్నాడు. ఆ నేలలో పెట్టాల్సిన గుడ్లు మన టమాటా మొక్కల పక్కన పెట్టింది, ఎందుకంటే మనం దాన్ని అక్కడ బంధించాం. అడవి సొమ్ము అడవికి తిరిగిచ్చి పుణ్యం రాసుకుంటున్నాం. అదైనా పూర్తిగా ఇస్తున్నామా అంటే అదీ లేదు.

పొదిగించడం గురించీ ఒక మాట. అది తేలికైన పనే, అందుకే మోసపోతాం. గుడ్డు పెట్టిన ఒకటి రెండు రోజుల్లో పిండం పైవైపు పెంకు పొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డును తిప్పితే పిండం చస్తుంది. అందుకే గుడ్డు తీసేటప్పుడు పైన పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి, ఆ గీత పైకే ఉండేలా తడి వర్మిక్యులైట్‌లో కూర్చోబెడతారు. రెండు మూడు నెలల్లో పిల్ల ముక్కు మీది చిన్న పంటితో పెంకు చీల్చుకుని బయటికి వస్తుంది. చూసినవాళ్ళెవరూ మరిచిపోలేరు. కానీ ఆ పెట్టెలో జరిగేది ఇంకోటుంది. ఈ జాతిలో మగో ఆడో తేల్చేది గుడ్డున్న చోటి వేడి. 27 డిగ్రీల లోపు ఉంటే ఎక్కువగా మగవి, 28 దాటితే ఆడవి. అడవిలో ఒక గూడు నీడలో ఉంటుంది, ఒకటి ఎండలో ఉంటుంది, ఒక ఏడు వానలు ఎక్కువ, ఒక ఏడు ఎండలు ఎక్కువ. అలా రెండూ పుడతాయి. మనం ఇంక్యుబేటర్ మీట ఒక అంకె దగ్గర పెట్టి వదిలేస్తాం. ఒక విడత పిల్లలంతా ఆడో మగో మన వేలు తేలుస్తుంది. ఒక జాతి భవిష్యత్తును అలా తిప్పే అధికారం గరాజ్‌లో కూర్చున్న మనకు ఎవరిచ్చారు?

మూడో వాదన: "చివరికి వదిలేస్తున్నాం కదా." ఆ వదలడమే నన్ను అన్నిటికన్నా భయపెట్టేది. చెరువు దగ్గర వదలాలనుకోవడంలోనే మొదటి పొరపాటు ఉంది. ఇది సరిగా ఈదలేని నేల తాబేలు, లోతు నీళ్ళలో పిల్లలు మునిగిపోతాయి. ఒడ్డునే వదిలారనుకోండి, ఆ చోటంతా ఆ పిల్లలకు పరాయి ఊరే. పెద్దదాన్ని వదిలితే ఇంకా ఘోరం. తన నేల కోసం వెతుక్కుంటూ వారాల తరబడి నడుస్తుంది, ఒక రోడ్డు బదులు పది రోడ్లు దాటుతుంది.

అన్నిటికీ మించి జబ్బు. మన ఇళ్ళలో ఆ తాబేలు ఒంటరిగా ఉండదు. పక్క తొట్టెలో కొన్న ఎర్రచెవి తాబేలు ఉంటుంది, కప్ప ఉంటుంది, బల్లి ఉంటుంది. ఒకే చేతులు, ఒకే గిన్నె, ఒకే నీళ్ళు. రానావైరస్ అనేది కప్పలకూ తాబేళ్ళకూ సోకుతుంది. బాక్స్ టర్టిల్ నోట్లో తెల్లటి పొరలు కడతాయి, కళ్ళు వాస్తాయి, రోజుల్లోనే చస్తుంది. మేరీలాండ్‌లో ఒక పెద్ద రహదారి నిర్మాణానికి అడ్డొస్తాయని శాస్త్రవేత్తలే జాగ్రత్తగా తాబేళ్ళను పక్క అడవులకు తరలించారు. 2008 నుంచి 2011 మధ్య ఆ తరలించిన వాటిలో రానావైరస్‌తో చాలా చచ్చిపోయాయి. రేడియో పరికరాలు కట్టి రోజూ వెంట తిరిగే నిపుణుల చేతుల్లోనే అలా జరిగితే, చూడ్డానికి చలాకీగా ఉందని పార్కులో వదిలే మనం ఆ అడవికి ఏం మోసుకెళుతున్నామో ఆలోచించండి. నాలుగు పిల్లలతో పాటు ఒక మహమ్మారిని వదిలితే అక్కడున్న నలభై పెద్దవీ పోవచ్చు. ఇలా వదలడం చాలా రాష్ట్రాల్లో చట్టవిరుద్ధం కూడా.

"సరే, వదలం. ఇంట్లోనే ఉంచుకుంటాం. బయటకన్నా ఇంట్లో భద్రం కదా" అనేవాళ్ళున్నారు. భద్రం అనే మాటకు అర్థం ఏమిటి? కారు తొక్కదు, నిజమే. కానీ కిటికీ అద్దంలోంచి వచ్చే వెలుగులో డిప్ప గట్టిపడదు; దానికి నేరుగా పడే ఎండైనా కావాలి, అతినీలలోహిత కిరణాలిచ్చే ప్రత్యేక దీపమైనా కావాలి. అవి లేక, సున్నం లేక, పిల్లల డిప్పలు మెత్తబడి వంకర తిరుగుతాయి. సరైన తిండి పెట్టకపోతే విటమిన్ ఎ లోపించి కళ్ళు ఉబ్బి మూసుకుపోతాయి, చెవుల దగ్గర గోళీకాయలంత చీముగడ్డలు కడతాయి. వాటిని సర్జరీ చేసి తీయాలి. పాములూ తాబేళ్ళూ చూసే పశువైద్యుడు ప్రతి ఊళ్ళోనూ ఉండడు. చలికాలం నిద్ర పోనివ్వాలి, అందులో తేడా వస్తే చస్తుంది. ఇవన్నీ సరిగా చేసినా, ఇది ముప్పై, నలభై, యాభై ఏళ్ళ బాధ్యత. పదేళ్ళ పిల్లాడు ముచ్చటపడి తెచ్చిన తాబేలు వాడికి పెళ్ళై పిల్లలు పుట్టి వాళ్ళు కాలేజీకి వెళ్ళేదాకా బతుకుతుంది. వీసా ఎప్పుడు ఏమవుతుందో, ఏ ఊరికి ఉద్యోగం మారుతుందో తెలియని మన బతుకుల్లో ఎంతమందిమి ఆ మాట ఇవ్వగలం? నాలుగు పిల్లల్ని పొదిగిస్తే నాలుగు యాభై ఏళ్ళ మాటలు ఇచ్చినట్టు.

"పిల్లలు నేర్చుకుంటారు" అన్నది తల్లిదండ్రులు చివరికి పట్టుకునే కొమ్మ. నేర్చుకుంటారు, నిజమే. ఏం నేర్చుకుంటారు? నచ్చిన జీవాన్ని దాని చోటు నుంచి తీసి మన చోట్లో పెట్టుకోవచ్చని నేర్చుకుంటారు. ప్రేమంటే దగ్గర పెట్టుకోవడమని నేర్చుకుంటారు. ఆరోగ్యం సంగతీ తక్కువ కాదు: తాబేళ్ళ ఒంటి మీద సాల్మొనెల్లా ఉంటుంది, పసిపిల్లలు ముట్టుకున్న చేతులు నోట్లో పెట్టుకుంటారు. ఆ కారణంగానే అమెరికా ప్రభుత్వం నాలుగు అంగుళాల లోపు డిప్పున్న తాబేళ్ళ అమ్మకాన్ని 1975లో నిషేధించింది. జాగ్రత్తగా చేతులు కడిగిస్తాం అనవచ్చు. అది నా ప్రధాన అభ్యంతరం కాదు. అడవి అంటే అక్కడే ఉండే తాబేళ్ళు, వాటిని చూడాలంటే మనమే వెళ్ళాలి అన్నది నేర్పలేకపోతే పిల్లాడికి మనం నేర్పింది జీవకారుణ్యం కాదు.

ఇక పెంపకందార్లు చెప్పే వాదన: "ఇళ్ళలో పొదిగించిన పిల్లలు దొరికితే అడవి నుంచి పట్టుకొచ్చే దొంగలకు గిరాకీ ఉండదు." తరతరాలుగా ఇళ్ళలోనే పుట్టిన తాబేళ్ళను శ్రద్ధగా పెంచి, కాగితాలతో సహా అమ్మేవాళ్ళు కొందరున్నారు, వాళ్ళ మీద నా ఫిర్యాదు లేదు. కానీ అంగడి ఆ వాదన వినడం లేదు. ఈ బాక్స్ టర్టిల్ 1995 నుంచి అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం కింద ఉంది. అయినా 2021లో న్యూజెర్సీలోని ఫెడరల్ కోర్టు ఒక స్మగ్లింగ్ ముఠాకు డబ్బు పెట్టిన వ్యక్తికి 38 నెలల జైలు వేసింది. ఆ ముఠా ఆసియా మార్కెట్ల కోసం కనీసం 1,500 తాబేళ్ళను సేకరించింది, విలువ 22.5 లక్షల డాలర్లు. వాటిలో మా పెరటి అడవుల్లో తిరిగే బాక్స్ టర్టిళ్ళూ ఉన్నాయి. వాటికి టేపు చుట్టి, సాక్సుల్లో కుక్కి పోస్టులో పంపారు. అక్కడ అడుగుతున్నది ఈడుకొచ్చిన, అప్పుడే గుడ్లు పెట్టగలిగే అడవి తాబేళ్ళను. పదేళ్ళు పెంచి పెద్దచేసే ఓపిక అంగడికి లేదు. "ఇంట్లో పుట్టింది" అనే మాట దొంగసరుకుకు ముసుగవుతుంది కూడా, ఎందుకంటే చూసి చెప్పడం కష్టం.

ఈ గిరాకీ సంగతి రాయలసీమవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అనంతపురం, చిత్తూరు పొదల్లో తిరిగే నక్షత్ర తాబేళ్ళను ఇంట్లో ఉంటే లక్ష్మి నిలుస్తుందని తెచ్చుకునేవాళ్ళు మనవాళ్ళే. ఆంధ్ర–కర్ణాటక సరిహద్దులోని ఒక్క కేంద్రం నుంచే ఏడాదికి కనీసం 55,000 పట్టుకుపోతున్నారని 2015లో పరిశోధకులు ప్రచురించారు. మన దేశపు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం. 2019లో అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధమైంది. దానికి ఆ గతి పట్టించింది దుర్మార్గులొక్కరే కాదు. "ఒక్కటే కదా, బాగానే చూసుకుంటాం కదా" అన్న వేల మంది మంచివాళ్ళు. అమెరికాలో అడుగుపెట్టిన మనం ఆ మాటనే సామాన్లతో పాటు తెచ్చుకున్నాం. ఇక్కడివాళ్ళకూ ఆ మాట ముందునుంచే ఉంది.

మరి ఇప్పటికే ఇంట్లో తాబేలు ఉన్నవాళ్ళ సంగతేమిటి? నిన్నా మొన్నా తెచ్చినదైతే, వేరే జంతువులతో కలవనిదైతే, ఎక్కడ దొరికిందో కచ్చితంగా గుర్తుంటే, రాష్ట్ర వన్యప్రాణి శాఖకు ఫోన్ చేసి అడిగి, వాళ్ళు చెప్పినట్టు చేయండి. ఏళ్ళు గడిచినదైతే వదలకండి. దానికి బయట ఎండా నీడా ఉన్న పెద్ద ఆవరణ, తవ్వుకునే మట్టి, వానపాములు, వైద్యుడు, యాభై ఏళ్ళ ఏర్పాటు ఇవ్వండి. అది గుడ్లు పెడితే అదే రోజు తీసి ఫ్రీజర్‌లో పెట్టేయండి. ఈ మాట చాలామందికి కటువుగా ఉంటుంది. పిండం ఎదగకముందు ఆపడం పాపం కాదు. గాలి లేని గరాజ్‌లో పుట్టించి, డిప్ప వంకరపోయేలా పెంచి, ఎవరికో అంటగట్టడంలో ఎక్కువ పాపం ఉంది. గాయపడ్డ తల్లి చచ్చిపోతే ఆమె కడుపులోని గుడ్లు తీసి పొదిగించేవాళ్ళున్నారు. అది లైసెన్సున్న వన్యప్రాణి చికిత్సా కేంద్రాల పని. వాళ్ళు ఆ పిల్లల్ని తల్లి దొరికిన చోటే వదులుతారు.

పుణ్యం కావాలంటే దారులు చాలా ఉన్నాయి. వాన పడిన ఉదయాల్లో కారు నెమ్మదిగా నడపండి. రోడ్డు మీద తాబేలు కనపడితే, మీకు ప్రమాదం లేదనుకుంటే, ఆపి, అది ఏ వైపు నడుస్తోందో ఆ వైపుకే దాటించి వదిలేయండి. వెనక్కి తిప్పకండి, "మంచి చోటు" వెతకకండి. గడ్డి కోసే యంత్రం నడిపేముందు పెరడంతా ఒకసారి నడిచి చూడండి. చెట్ల కింద రాలిన ఆకుల్ని బస్తాల్లో కట్టి బయటపెట్టకండి, ఒక మూల దుంగను కుళ్ళనివ్వండి. పెరట్లో అడవి తాబేలు తనంతట తాను వచ్చి గుడ్లు పెడితే, గూటి మీద పిల్లలు బయటికి పోయే సందులున్న జాలీ పెట్టి రకూన్లను ఆపండి, గుడ్లను కదపకండి. మా రాష్ట్రంలో కనీసం వందేళ్ళు సాగాలన్న సంకల్పంతో బాక్స్ టర్టిళ్ళ లెక్క ఒకటి నడుస్తోంది. మామూలు మనుషులే తాబేలును పట్టి, కొలిచి, డిప్ప అంచున గుర్తుపెట్టి, పట్టిన చోటే దింపుతారు. మీ పిల్లలకు అది చూపించండి. తాము పోయాక కూడా తిరిగే ప్రాణిని లెక్కపెట్టడం ఎలా ఉంటుందో వాళ్ళకు తెలుస్తుంది.

చివరికి మా గరాజ్ కథ. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. మే నెలలో వాన వెలిశాక, కాలనీ మలుపులో రోడ్డు దాటుతున్న ఆడ తాబేలును నేనే ఎత్తి కారు వెనక పెట్టాను. పెరట్లో చెక్కలతో దడి కట్టాను. అది మా దగ్గరున్న రెండేళ్ళూ ఒక్క వైపు దడి వెంబడే నడిచేది. పొద్దున్నే లేచి ఆ మూల నుంచి ఈ మూలకు, తిరిగి ఈ మూల నుంచి ఆ మూలకు. మిగతా మూడు వైపులా మంచి గడ్డి, నీడ, నీళ్ళ గిన్నె. అక్కడికి తినడానికి వచ్చి వెళ్ళిపోయేది. ఆ దడి పక్కన గడ్డి అరిగిపోయి మట్టి బాట పడింది, దాని డిప్ప వెడల్పంత. "నాన్నా, అదెక్కడికి వెళ్ళాలనుకుంటోంది?" అని అడిగింది మా అమ్మాయి. వ్యాయామం చేస్తోందమ్మా అన్నాను. ఆ బాటకు ఎదురుగా, రెండు వీధుల అవతల, నేను దాన్ని ఎత్తుకొచ్చిన మలుపు ఉంది.

అది మూడు గుడ్లు పెట్టింది. పొదిగించాను. రెండు పిల్లలు బయటికొచ్చాయి. ఒకటి డిప్ప మెత్తబడి నాలుగో నెలలో పోయింది. రెండోదాన్నీ తల్లినీ కారులో తీసుకెళ్ళి, పక్క పార్కులో పెద్ద అడవి కదా అని వదిలేసి, దణ్ణం పెట్టుకుని వచ్చాం. పైన రాసిన తప్పులన్నీ నేను చేశాను. ఆ రోజు నన్నెవరూ ఆపలేదు, అందరూ పుణ్యమన్నారు. అందుకే ఆ గృహప్రవేశంలో నా మౌనం నన్ను ఇప్పటికీ పీడిస్తోంది.

చేప చూపుతో, పక్షి స్పర్శతో, తాబేలు తలపుతో పిల్లల్ని చేసుకుంటాయని మన పెద్దలు చెప్పేవారు. గుడ్లు ఎక్కడో మట్టిలో పెట్టి వెళ్ళిపోయిన తల్లి దూరం నుంచి తలుచుకుంటుందట, ఆ తలపుకే పిల్లలు బయటికి వస్తాయట. తాబేలు గుడ్ల దగ్గర కూర్చోదు, తిరిగి రాదు. ఎండ, మట్టి, వాన పొదుగుతాయి. అది చూసిన మనుషులు దాన్ని ఉదాసీనత అనలేదు, తలపు అన్నారు. తాబేళ్ళకు మనం ఇవ్వవలసినది అదే. వాన వెలిసిన పొద్దున కారు తాళం చేతిలోకి తీసుకుంటూ ఒకసారి తలుచుకోండి: మలుపులో ఒక తల్లి తన ఊళ్ళోకి నడుస్తూ ఉండవచ్చు. ఆమెను దాటనివ్వండి.